నూతి నీరు ఎవరిది?

ఇంటి నుయ్యి ఒక్క దినమున ఎండదు. తొలుత చేదత్రాడు రెండు బారలు అదనముగా దిగును. మఱుసటి యేడు వైశాఖమున నీరు బురదగా వచ్చును. ఆ పైయేడు ఫాల్గుణము వెళ్లకమునుపే మోటారు నీటికి మాఱుగా గాలి పీల్చును. మూడేండ్లపాటు మన కన్నులయెదుట జరిగినదానిని మూడవయేట నొక యుదయమున మనము క్రొత్తగా చూచి, వానదేవుని నిందించి, అరచేత కొబ్బరికాయ నిలిపి నీటిజాడ చెప్పువానిని పిలిచి, సాయంకాలమునకు బోరుబండిని వాకిట నిలుపుచున్నాము. ఆ రాత్రి వీధి నిద్రపోదు. తెల్లవాఱునప్పటికి నీరు పడినను అప్పు మిగులును, పడకున్నను అప్పు మిగులును.

ఇది ఆ యింటివాని సొంత వ్యవహారమని లోకము తలచుచున్నది. కాదని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రాయలసీమ యంచున నుండు మా పట్టణమున మే మెఱిగిన వీధి యొకటి కలదు. అందు ఇరువది యిండ్లు. ముప్పదియేండ్ల క్రిందట ప్రతి పెరటిలోను ఒరలు దింపిన నుయ్యి యుండెను. నలుబది యడుగుల లోతు; వానకాలమున మూడు బారల త్రాడు చాలెడిది. ఒక గృహస్థు మేడ కట్టించి, నూటయేబది యడుగుల బోరు వేయించెను. రెండు వేసవులలో చుట్టుపట్ల నూతులు అడుగంటినవి. అప్పుడు రెండవవాడు మున్నూఱు అడుగులకు పోయెను. మూడవవాడు అయిదువందలకు పోయెను. మొదటివాని బోరు ఎండెను. వాడు మరల ఏడువందలకు దింపెను. నేడు ఆ వీధిలో లోతు పెరిగినది, కరెంటు చీటి పెరిగినది, అప్పు పెరిగినది. నీరు మాత్రము పెరుగలేదు. వారమునకు రెండుమాఱులు ట్యాంకరు వచ్చి వీధి మలుపున నిలుచుచున్నది. ఆ వీధిలో మూడవ బోరు వేయించినవారము మేమే. కావున ఇతరులకు నీతి చెప్పుచున్నామని చదువరులు తలంపవలదు.

వీధి చివరి పెంకుటింట నొక వృద్ధ వితంతువు కలదు. ఆమెకు బోరు వేయించు శక్తి లేదు. నూతి యందు చివరి చేదెడు నీరు తోడిన సంవత్సరమున ఆమె మా కార్యాలయమునకు వచ్చి, “బాబూ, నా నూతిలో నీళ్లు లాగేసుకున్నవాళ్ల మీద దావా వేయడానికి వీలుందా?” అని అడిగెను. ఇరువదియేండ్లుగా న్యాయస్థానముల గడపలు త్రొక్కుచున్న మాకు ఆ ప్రశ్నకు తల యెత్తి బదులు చెప్ప నోరు రాలేదు. ఏలయన, ఆమె అడిగినదానికి చట్టము చెప్పు సమాధానమును, న్యాయము చెప్పు సమాధానమును ఒక్కటి కావు. మఱియు, ప్రతివాదులలో మేమును ఒకరము.

చట్టము చెప్పునదేమో కొంచెము విచారింతము. 1843వ సంవత్సరమున ఇంగ్లండులో యాక్టన్, బ్లండెల్ అను వారి వ్యాజ్యెము తీర్పయ్యెను. ఒకని నూతినీటితో నూలుమిల్లు నడచుచుండెను. ఇంకొకడు తన నేలలో బొగ్గుగనులు త్రవ్వగా ఆ నుయ్యి యెండెను. నూతివానికి పరిహారము దొరకలేదు. నేలక్రింది నీటి నడక కంటి కగపడునది కాదు, ఏటినీటికి వర్తించు హక్కులు దానికి వర్తింపవు, తన నేలక్రింద దొరకిన నీటిని ఎవడు తోడుకొన్నను పొరుగువాడు అడుగరాదు — ఇదియే ఆ తీర్పు సారము. 1882వ సంవత్సరపు ఈజుమెంటుల చట్టము ఏడవ సెక్షను క్రింది యుదాహరణములలో ఈ సూత్రమే మన దేశమునకు దిగినది: నిర్ణీతమైన కాలువగా పాఱని భూగర్భజలమును తన హద్దులలోపల పట్టుకొని వినియోగించు హక్కు భూమి యజమానిదే.

సంవత్సరమంతయు జల్లులు కురియు దేశమున, బొగ్గుగనుల యుగమున పుట్టిన సూత్రము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు అనంతపురమునకు శాసనమయ్యెను. దొరలు పోయిరి, దొరల నూతిసూత్రము మాత్రము నిలిచినది. ఆ సూత్రమునకు మూలము అజ్ఞానము. నేలక్రింది నీటి పోకడ తెలియదు గనుక ఎవని యిష్టము వానిదని నాటి న్యాయాధిపతులు చెప్పిరి. నేడు ఆ పోకడ తెలియును. ఒక బోరు నడచునప్పుడు పొరుగు నూతిలో నీరెంత దిగుచున్నదో త్రాడు వేసి కొలువవచ్చును. కారణము పోయిన పిదప సూత్రము మాత్రము నిలువనేల?

మన నేల స్వభావము తెలిసినచో ఈ లోతుల పందెమెంత వ్యర్థమో తెలియగలదు. రాయలసీమ, తెలంగాణములలో అధికభాగము గట్టిరాతి నేల. అచ్చట క్రిందికి పోయినకొలది సముద్రము లేదు. పైన మన్ను, దానిక్రింద గుల్లబారిన మెత్తనిరాయి, దానిక్రింద చీలికలుగల రాయి; అటుపైన లోతు పెరిగినకొలది చీలికలు అరుదగును. వాననీటిని స్పంజివలె పట్టి యుంచునది ఆ మెత్తని పొరయే. క్రింది చీలికలు ఆ పొరనుండి నీరు దించుకొను సందులు మాత్రమే. పై పొర ఎండిన పిమ్మట క్రింది సందులను వెదకుట, పాలు త్రాగిన పిదప గిన్నె గీకుటవంటిది. ఎప్పుడో ఏండ్లనాడు చేరిన నీరు కొంత దొరకిన దొరకును. అది యైపోయినచో మరల నిండుటకు ఏండ్లు పట్టును. పైగా లోతున చిరకాలము రాతితో కలసియున్న నీటియందు పెక్కుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. 1937వ సంవత్సరమున నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో వైద్యులు ఈ వ్యాధిని గుర్తించి లోకమునకు తెలిపిరి. నల్లగొండ బిడ్డల వంగిన కాళ్లు ఎఱుగని తెలుగువాడు లేడు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించినచో ఆ నీరు త్రాగరాదని ప్రమాణము కలదు. క్రొత్తబోరు నీటిని పరీక్షకు పంపక బిడ్డలకు త్రాగించు తండ్రి ఎంత చదివినను చదువనివాడే.

అయినచో నుయ్యి యెండినవాడు ఏమి చేయవలెను? బండిని పిలుచుటకు ముందు రోగమేదో తెలిసికొనవలెను. దీనికి శాస్త్రవేత్త అక్కఱలేదు. రాయి కట్టిన త్రాడొకటి, పుస్తక మొకటి చాలును. ప్రతి పక్షమున, మోటారు వేయకముందు, తెల్లవాఱుజామున నీటిమట్టము కొలిచి వ్రాయవలెను. నీరు తోడిన పిదప ఎంత దిగెనో, ఎన్ని గడియలకు మరల పైకి వచ్చెనో వ్రాయవలెను. తెల్లవాఱుజాము మట్టము ఎప్పటివలెనే యుండి పైకి నీరు రానిచో, రోగము నూతిది కాదు, పంపుది. ఫుట్‌వాల్వు, గొట్టము, మోటారు చూపించుకొనవలెను. మట్టము బాగుగనే యుండి, కొంచెము తోడగనే అడుగంటి, మరల ఊరుటకు దినము పట్టినచో, పూడిక చేరినదనియో, ఊటలు మూసికొన్నవనియో అనుమానింపవలెను. పొరుగు మోటారు నడచు వేళనే మన మట్టము దిగినచో, రెండు నూతులును ఒక్క కుండనుండి త్రాగుచున్నవని గ్రహింపవలెను. నిరుటి మార్గశిరపు మట్టముకంటె ఈ మార్గశిరపు మట్టమే తక్కువయైనచో, రోగము మన యింటిది కాదు, ఊరిది. ఈ నాల్గింటిలో చివరి రెండింటికి క్రొత్తబోరు మందు కాదు, రోగమును పెంచునదే. మొదటి రెండింటికి అది అనవసరము. అయినను నాల్గింటికిని మనము ఒక్క మందే వాడుచున్నాము.

పూడిక తీయించువారికి ఒక హెచ్చరిక. చిరకాలము వాడని నూతి యడుగున చెడుగాలి నిలిచి యుండును. ఒకడు దిగి సొమ్మసిల్లగా, వానిని పైకి తీయబోయి రెండవవాడు, మూడవవాడు ప్రాణములు విడుచుట ప్రతి వేసవిని వినుచునే యున్నాము. లాంతరు దింపి చూచు పెద్దల పద్ధతి కొంత మంచిదే. అది ఆఱినచో దిగరాదు. కాని దీపము వెలుగుచున్నంత మాత్రమున క్షేమమని నమ్మరాదు. ఏలయన, కొన్ని విషవాయువులు దీపమును ఆర్పవు. నూతిలోనికి గాలి చాల సేపు కొట్టించి, దిగువాని నడుమునకు త్రాడు కట్టి, పైన ఇద్దఱు నిలిచిననే దింపవలెను. ఆయిలు ఇంజనును నూతిలోపల గాని, అంచున గాని నడుపరాదు; దాని పొగయే మనుష్యుని చంపగలదు. కూలివాని ప్రాణము మన నూతినీటికంటె చౌక కాదు.

ఇక నూతికి నీరు తిరిగి యిచ్చు విషయము. నూఱు చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదిలో 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఏబదియైదువేల లీటర్లగును. ఐదింట నొకపాలు వ్యర్థమైనను నలుబదినాలుగువేలు మిగులును. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లు వలయునని యొక లెక్క కలదు. ఐదుగురుగల సంసారమునకు అది అఱువదియైదు దినముల నీరు. ఈ నీటిని మనము నేడు మోరీలోనికి విడిచి, ట్యాంకరువానికి ధనమిచ్చి కొనుచున్నాము. మిద్దె యూడ్చి, తొలివాన నీటిని బయటికి విడిచి, తరువాతి నీటిని గులకరాళ్లు, ఇసుక పోసిన గుంతగుండ వడగట్టి, పూడిక తీసిన పాతనూతిలోనికి పంపవలెను. వడగట్టని నీటిని, వీధిలో పాఱు నీటిని, మరుగుదొడ్డి గుంటకు చేరువ నీటిని పంపరాదు. అది దానము కాదు, విషము. మంచి నీటికి పాతనుయ్యియే ద్వారము. చెత్త పోసి పూడ్చిన ప్రతి నుయ్యియు ఆ ద్వారమును మూసినట్లే. హైదరాబాదున బన్సీలాలుపేట మెట్లబావి అనేక సంవత్సరములు చెత్తతో నిండి కంటి కగపడక పడియుండెను. దానిని బాగుచేసి 2022వ సంవత్సరము డిసెంబరులో ప్రజలకు తెఱచిరి. చచ్చినదనుకొన్న బావియందు నీరు నిలిచినది. అడుగున చావక యున్నదానిని పైనుండి మనమే చంపుచున్నామనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇచ్చట కొందఱు మిత్రులు రెండాక్షేపణలు చెప్పుదురు. ఒకటి: దేశమున తోడు భూగర్భజలములో, 2023వ సంవత్సరపు ప్రభుత్వపు అంచనా ప్రకారము, నూటికి సుమారు 87 పాళ్లు సేద్యమునకే పోవుచుండగా, ఇంటినూతుల నేల నిందింపవలెనని. నిజమే. కాని పట్టణపు వీధిలో పొలము లేదు. అచ్చట మన నూతిని ఎండించినది మన బోరే. రైతులమాట వచ్చినది గనుక చెప్పెదము: 2003వ సంవత్సరమునుండి కొన్నియేండ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఏడు కఱవు జిల్లాల రైతులు తమ బోరుల మట్టములను, వానను తామే కొలిచి, వచ్చిన నీరెంత, పంటకు వలసిన నీరెంత అని ఊరంతయు కూడి లెక్క వేసికొనిరి. పెద్దగా చదువని పల్లెవారు చేసినపని పట్టభద్రులుగల వీధి చేయలేదా?

రెండవది: నీరిచ్చుట పురపాలక సంఘముపని, పన్ను కట్టుచున్నాము గదా అని. కొళాయినీరు అడుగుట మన హక్కే, అడుగవలెను, పోరాడవలెను. కాని కొళాయి వచ్చిన వీధిలోనే నూతులు మొదట చెత్తకుండీలైనవి. 2024వ సంవత్సరపు వేసవిలో బెంగుళూరున, ప్రభుత్వపు బోరుబావులు సుమారు పదునాలుగువేలలో సగమునకు సగము ఎండినవని అచ్చటి ప్రభుత్వమే ప్రకటించెను. అంత సంపన్న నగరమున విద్యావంతులు ట్యాంకరు కొఱకు కాచియుండిరి. ఒక్క యాధారమును నమ్మి రెండవదానిని చంపుకొన్నవారి గతి అదియే.

శాసనములు బొత్తిగా లేవనుట కాదు. 2002వ సంవత్సరమున పుట్టిన జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము నేడు రెండు తెలుగు రాష్ట్రములందును కలదు. బావులు నమోదు కావలెననియు, బోరుబండ్లు నమోదు కావలెననియు, ప్రజల త్రాగునీటి యాధారమునకు 250 మీటర్ల లోపల క్రొత్తబావికి అనుమతి వలయుననియు, ఇండ్లపై వాననీరు పట్టు ఏర్పాటు లుండవలెననియు అది చెప్పుచున్నది. ఎండిన బోరులలో పసిబిడ్డలు పడి చనిపోవుచుండగా 2010వ సంవత్సరమున సుప్రీముకోర్టు కట్టడులు చేసెను: బోరు వేయుటకు పదునైదు దినములు ముందుగా అధికారులకు తెలుపవలెను, గొట్టమునకు ఇనుపమూత బిగింపవలెను, విడిచిన బోరును అడుగునుండి నేలమట్టమువఱకు మట్టితోను, ఇసుకతోను, రాళ్లతోను పూడ్చవలెను. ఈ కట్టడులు కాగితమునందు కలవు. మన వీధులలో గోనెపట్టా కప్పిన గొట్టములును కలవు. చట్టమును నడపువాడు అధికారి మాత్రమే కాదు. బండి వాకిటికి వచ్చిననాడు అనుమతిచీటి చూపుమని అడుగగల పొరుగువాడు లేనిచోట ఏ చట్టమును నడువదు. ఆ ప్రశ్న అడుగుట పొరుగువానితో వైరమని మనము సిగ్గుపడుచున్నాము.

ఇంకొక మాట. మన దేశమున నూతికి చిరకాలము ఒక గోడ యుండెను. అది కులపు గోడ. నూతిగట్టు ఎక్కరానివారు క్రింద దోసిలి పట్టి నిలిచి, ఎవరైనను దయదలచి పోసిన నీరు త్రాగిరి. 1927వ సంవత్సరమున మహాడులో అంబేడ్కరుగారు వేలజనముతో చెఱువునకు నడచి నీరు త్రాగుట దాహము తీర్చుకొనుటకు కాదు, మనుష్యులమని చాటుటకు. 1950వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణమున నూతుల పేరు ఎత్తి మఱి చెప్పినది: ప్రభుత్వధనముతో పోషింపబడు నూతిని, ప్రజల కంకితమైన నూతిని ఏ పౌరునికిని మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు అను కారణములచే నిషేధింపరాదు. ఆ గోడ అంతటను కూలినదని చెప్ప సాహసింపము. కాని దానిప్రక్క మనము రెండవ గోడ లేపుచున్నాము. దాని యెత్తు పైకి కాదు, క్రిందికి. ఏడువందల యడుగులు దింపగలవాడు లోపలివాడు. నలుబది యడుగులవాడు వెలుపలివాడు. ఎవరును ఎవరిని పొమ్మనలేదు, నూతిగట్టు ఎక్కవలదనలేదు. గట్టు ఆమెదే, నుయ్యి ఆమెదే, నీరు మాత్రము లేదు.

కావున మేము కోరునది ఇంతే. శాసనకర్తలు 1882వ సంవత్సరపు సూత్రమును సవరించి, నేలక్రింది నీరు నేల యజమానిది కాదు, ఊరి యుమ్మడి సొత్తు, త్రాగునీటిదే మొదటి హక్కు అని స్పష్టముగా వ్రాయవలెను. అది వ్రాయువఱకు వీధివా రూరకుండ నక్కఱలేదు. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు సోదరులు ఈ వారమే తమ వీధిలో పదిమందిని కూర్చి, ఒక పుస్తకము తెఱచి, ఎవరి నూతిలో నీరెంత యున్నదో వ్రాయింపుడు. ఎండిన నూతులను చెత్తనుండి విడిపింపుడు. విడిచిన బోరులను మూయింపుడు. వీధి యంగీకారము లేక క్రొత్తబోరు వేయమని మాట యిచ్చుకొనుడు. అరువది యేండ్ల ముసలమ్మకు దక్కని నీటిలో తనకును భాగము లేదని ప్రతి గృహస్థు తలచిననాడు సగము రోగము కుదురును.

మేము చెప్పిన వీధిలో నిరుటి జ్యేష్ఠమున ఏడిండ్లవారు కూడి, ఆ వృద్ధురాలి నూతిలో పూడిక తీయించి, తమ మిద్దెల నీటిని వడగట్టి దానిలోనికి మళ్లించిరి. ఆ యేడిండ్లలో మాది యొకటి. అది దానము కాదు. బాకీలో మొదటి వాయిదా. ఆశ్వయుజపు వానలకు ఆ నూతిలో నీరు కనబడినది. ఆమె చేద దింపి, తోడి, మొదటి చెంబు మాకే యిచ్చెను. దావా మాట మరల ఎత్తలేదు. ఆమె ఎత్తకున్నను ఆ దావా మామీద నడచుచునే యున్నది. మామీదనే కాదు, బోరు వేయించిన ప్రతి వాకిటిమీదను.